పక్షవాతం తర్వాత ఇంట్లో రోబో థెరపీ: గ్లోవ్ కొనాలా, ఫిజియోని పెట్టుకోవాలా?

పేషెంటు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకు ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్‌లో ఆ వీడియో కనిపిస్తుంది. నల్లటి గ్లోవ్, దానికి సన్నటి పైపులు, పక్కన చిన్న పెట్టె. బటన్ నొక్కగానే ముడుచుకుపోయిన వేళ్ళు తెరుచుకుంటాయి. వెంటనే నాకు మెసేజ్ వస్తుంది: "సార్, ఇది నాన్నగారికి పనికొస్తుందా? ఆర్డర్ పెట్టేయమంటారా?"

నేను విజయవాడలో ఇళ్ళకు వెళ్ళి చేసే ఫిజియోథెరపిస్టుని. మెషీన్ వస్తే నా రాబడి తగ్గుతుంది కాబట్టి నా సలహాలో స్వార్థం ఉందేమోనని మీరు అనుమానించవచ్చు, తప్పేమీ లేదు. అందుకే పెద్ద ట్రయల్స్‌లో తేలిన సంగతులు ముందు పెడతాను. నా సొంత అభిప్రాయం అయితే నాదేనని చెబుతాను.

కంపెనీ, మోడల్, డిస్కౌంట్ సంగతి తర్వాత. ముందు తెలుసుకోవాల్సింది స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్ళయింది, ఆ చెయ్యి లేదా కాలు ఇప్పుడు సొంతంగా ఎంత కదులుతోంది, రోజూ గంటసేపు పక్కన కూర్చునే మనిషి ఇంట్లో ఎవరు అన్నది. చాలా ఇళ్ళల్లో ఈ వరస తిరగబడుతుంది. ముందు పార్సిల్ దిగుతుంది, తర్వాత దాన్ని ఎవరికి ఎలా తొడగాలో అడుగుతారు.

ఎన్నాళ్ళయింది?

మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆరు నెలల దాకా ఆ జోరు కొంత ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిపోదు. ఏడాది దాటినవాళ్ళు కూడా సాధనతో మెరుగుపడటం ట్రయల్స్‌లో కనిపించింది. అలాగని మొదటిరోజే హడావిడి పడక్కర్లేదు. 2,104 మందితో జరిగి 2015లో ఫలితాలు వచ్చిన ఆవెర్ట్ ట్రయల్‌లో, స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువ మోతాదులో లేపి నడిపించినవాళ్ళు మూడు నెలలకు మామూలు చికిత్స పొందినవాళ్ళకంటే కాస్త వెనకబడే ఉన్నారు. కాబట్టి ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని గ్లోవ్ ఆర్డర్ పెట్టాల్సిన పని లేదు.

ఇంటికొచ్చాక ఉండే ఆ రెండు మూడు నెలలే అన్నిటికంటే విలువైనవి. వాటిని పసరు మందులకీ పావురం మాంసానికీ పోగొట్టుకునే కుటుంబాలు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. గ్లోవ్ కొనడం దానికంటే నయమే. కానీ ఆ మూడు నెలలూ ఒక్క గ్లోవ్‌నే నమ్ముకుని గడిపేస్తే నష్టం పెద్దగా తగ్గదు.

చెయ్యి ఎంత కదులుతోంది?

పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించండి. వేళ్ళు తెరవమనండి. ఏ వేలు వెంట్రుకవాసి కదిలినా రాసుకోండి. తర్వాత భుజం పక్కకు ఎత్తమనండి. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, స్ట్రోక్ వచ్చిన మూడు రోజుల్లోపు ఈ రెండూ కాస్తయినా చేయగలిగినవాళ్ళకు, ఆరు నెలలకల్లా చేతి పనితనం ఎంతో కొంత తిరిగొచ్చే అవకాశం 98 శాతం. రెండూ చేయలేనివాళ్ళకు 25 శాతం. 25 అంటే సున్నా కాదు, అది గుర్తుంచుకోండి. కానీ మెషీన్ ఎంపికకు ఈ తేడా చాలా ముఖ్యం. సొంత కదలిక ఉన్న చేతికి కావలసిన పరికరం వేరు, అసలు లేని చేతికి వేరు. అమ్మేవాళ్ళు మాత్రం రెండింటికీ ఒకటే వీడియో చూపిస్తారు.

గాలి గ్లోవ్

ఎక్కువమంది అడిగేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పెట్టెలో చిన్న గాలి పంపు ఉంటుంది. గ్లోవ్ వేళ్ళ వెంబడి ఉన్న గొట్టాల్లోకి గాలి కొడితే ఒకవైపుకు, లాగేస్తే రెండోవైపుకు వేళ్ళు కదులుతాయి. చాలావాటిలో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి ఆటోమేటిక్, అంటే మెషీనే తెరుస్తుంది, మూస్తుంది. రెండోది మిర్రర్, అంటే బాగున్న చేతికి సెన్సార్ గ్లోవ్ తొడిగితే, అది ఎలా కదిలితే పడిపోయిన చెయ్యి కూడా అలా కదులుతుంది. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో చాలామటుకు చైనా సరుకు, ధర వేలల్లో ఉంటుంది.

దీనివల్ల కీళ్ళు బిగుసుకుపోకుండా కొంత కాపాడుకోవచ్చు. చెయ్యి కదలడం కళ్ళారా చూస్తే పేషెంటుకు కాస్త ధైర్యం వస్తుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మెదడు కొత్తగా నేర్చుకోవాలంటే మనిషి తానుగా ప్రయత్నించాలి. మెషీన్ వంద సార్లు వేళ్ళు తెరిచినా, ఆ వంద సార్లూ పేషెంటు టీవీ సీరియల్ చూస్తూ కూర్చుంటే కీళ్ళకు మేలు జరిగినట్టే గానీ సాధన జరిగినట్టు కాదు. ఇంట్లో గ్లోవ్ ఇప్పటికే ఉంటే ఆటోమేటిక్ తగ్గించి మిర్రర్ వాడండి. టీవీ కట్టేయండి. గాలి వచ్చే ప్రతిసారీ "తెరువు" అని పక్కనున్నవాళ్ళు చెప్పాలి, పేషెంటు తెరవడానికి గట్టిగా ప్రయత్నించాలి. పావుగంట ఇలా చేస్తే గంటసేపు ఊరికే తొడుక్కున్నదానికంటే మేలని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకో మాట. మిర్రర్ పద్ధతి కోసమే గ్లోవ్ కొందామనుకుంటే ముందు మామూలు అద్దం ప్రయత్నించండి. బాగున్న చెయ్యి అద్దం ముందు, పడిపోయిన చెయ్యి అద్దం వెనక పెట్టి, అద్దంలోకి చూస్తూ రెండు చేతులూ కదిలించడానికి ప్రయత్నించడమే మిర్రర్ థెరపీ. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో ఇచ్చిన సమీక్ష 62 అధ్యయనాలను, దాదాపు 2,000 మంది పేషెంట్లను కలిపి చూసి, ఇది కదలిక మెరుగుపడటానికి తోడ్పడుతుందని తేల్చింది. వన్‌టౌన్‌లో అద్దాల షాపుకెళ్ళి అడుగున్నర పొడవు ముక్క కోయించి, అంచులు రుద్దించి, వెనక చెక్క పెట్టించుకోండి. గ్లోవ్ ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాని ఖర్చు. కరెంటు అక్కర్లేదు, సర్వీసు అక్కర్లేదు.

గ్లోవ్ అసలు వద్దనే సందర్భాలూ ఉన్నాయి. పిడికిలి రాయిలా బిగుసుకుపోయి మీరు రెండు చేతులతో లాగినా తెరుచుకోకపోతే ఆ చిన్న పంపు బలం చాలదు. తెరవడానికి పెనుగులాడే క్రమంలో వేళ్ళ కీళ్ళు వెనక్కి మెలితిరిగే ప్రమాదం ఉంది. అలాంటి చేతికి ముందు న్యూరాలజిస్టునో, ఫిజికల్ మెడిసిన్ డాక్టరునో కలిసి బిగుతు తగ్గించే మందులు, అవసరమైతే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి మాట్లాడాలి. మంగళగిరి ఎయిమ్స్‌లో ఫిజికల్ మెడిసిన్ విభాగం ఉంది. స్పర్శ తెలియని చేతికి కూడా గ్లోవ్ జాగ్రత్త. నొప్పి తెలియదు కాబట్టి చర్మం ఒరుసుకుపోయినా పేషెంటు చెప్పలేరు. షుగర్ ఉన్నవాళ్ళకు చిన్న పుండు కూడా పెద్ద తలనొప్పే. మే నెల బెజవాడ ఎండల్లో ఆ గ్లోవ్ లోపల చెమట ఎలా పడుతుందో ఊహించుకోండి. ప్రతిసారీ తీసిన వెంటనే వేళ్ళ సందులు చూసి, తుడిచి, గోళ్ళు కత్తిరించి ఉంచాలి.

గ్లోవ్ తొడిగేటప్పుడు, తీసేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగొద్దు. పక్షవాతం వచ్చిన భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. మోచేయి కింద దిండు పెట్టి, చెయ్యి బల్ల మీద ఆనించే అన్నీ చేయాలి.

ఆటలతో చేయించే పరికరాలు

ఇవి గాలి గ్లోవ్‌ల కంటే ఖరీదైనవి, చాలావాటి ధర లక్షల్లోకి వెళుతుంది. కొరియా కంపెనీ నియోఫెక్ట్ తయారుచేసిన స్మార్ట్ గ్లోవ్‌లో మోటారు ఉండదు. సెన్సార్లు మాత్రమే ఉంటాయి. పేషెంటు మణికట్టు తిప్పితే తెర మీద ఆటలో ఏదో కదులుతుంది. ఐఐటీ హైదరాబాద్ ఇంక్యుబేషన్‌లో ఎదిగిన బీఏబుల్ హెల్త్ వాళ్ళ ఆర్మేబుల్ కూడా ఆటల ద్వారా చెయ్యి కదిలింపజేసేదే. మణికట్టు, వేళ్ళ కోసం ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి తయారుచేసిన ప్లూటో అనే రోబో ఉంది. మన దేశంలో మన పేషెంట్లను చూసి చేసినవి వస్తున్నాయంటే సంతోషమే. సర్వీసు ఇంజనీరు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావచ్చు, షాంఘై నుంచి రావాల్సిన అవసరం ఉండదు.

వీటి అసలు బలం లెక్క. మామూలు థెరపీలో సాధన ఎంత తక్కువగా జరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు. అమెరికా, కెనడాల్లో 312 థెరపీ సెషన్లను పక్కన కూర్చుని లెక్కపెట్టిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. చేతితో ఏదైనా పనిని సాధన చేసే సెషన్‌లో సగటున జరిగినవి 32 సార్లు మాత్రమే. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించడానికి రోజుకు వందల సార్లు చేయించారు. నేను ఒక ఇంట్లో ఉండే సమయంలో పలకరింపులు, బీపీ చూడటం, మంచం మీంచి లేపడం, కాళ్ళ వ్యాయామం పోగా చేతికి మిగిలేది చాలా తక్కువ. ఆట మెషీన్ ఈ లోటును తీర్చగలదు. విసుగు లేకుండా రెండు వందల సార్లు చేయించి, ఎన్నిసార్లు చేశారో చూపిస్తుంది.

మరి మెషీన్ మనిషి కంటే మేలా? దీనికి ఇప్పటిదాకా వచ్చిన పెద్ద జవాబు బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ ట్రయల్. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎంఐటీ ఇంజనీర్లు రూపొందించిన ఎంఐటీ-మానస్ అనే ఆసుపత్రి రోబో వాడారు. ఒక గుంపుకు రోబో, ఇంకో గుంపుకు అంతే సమయం థెరపిస్టుతో పనుల సాధన, మూడో గుంపుకు మామూలు చికిత్స. మొదటి రెండు గుంపులకూ వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, 12 వారాలు. చేతి పనితనం చెప్పుకోదగ్గంత మెరుగుపడినవాళ్ళు రోబోతో 44 శాతం, థెరపిస్టుతో 50 శాతం, మామూలు చికిత్సతో 42 శాతం. ఈ తేడాలు గణాంకాల లెక్కలో నిలబడేంత పెద్దవి కావు. రోబో గుంపులో కదలిక కొంత మెరుగైనా, అది రోజువారీ పనుల దాకా రాలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. తెర మీద బంతిని పట్టుకోవడం వేరు, కంచంలో అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం వేరు. మన పేషెంట్లు నన్ను అడిగేవి ముద్ద కలపడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, లుంగీ బిగించుకోవడం, తాళం తిప్పడం, ఫోన్ ఎత్తడం. కుడి చెయ్యి పడిపోయినవాళ్ళయితే మరీను. నలుగురిలో స్పూనుతో తినాల్సి వస్తోందని పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిన పెద్దవాళ్ళున్నారు. మెషీన్‌తో ఎంత చేయించినా, ఆ వెంటనే అదే చేతితో అసలు పని చేయించకపోతే ఉపయోగం సగానికి పడిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇరవై నిమిషాలు మెషీన్, ఆ వెంటనే ఇరవై నిమిషాలు గ్లాసు, శనగలు, తువ్వాలు.

వేళ్ళు, మణికట్టు అసలు కదలనివాళ్ళకు సెన్సార్ ఆట పరికరాలు కొనొద్దు. తెర మీద ఏమీ కదలదు, మనసు ఇంకా కుంగుతుంది. ఎడమవైపు పడిపోయినవాళ్ళలో కొందరికి ఆ వైపు ఉన్నవేవీ దృష్టికి రావు. కంచంలో ఎడమ సగం అన్నం వదిలేస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్ళకు ఆటను థెరపిస్టు సర్దిపెట్టాలి.

కాళ్ళ సంగతి

ఇక్కడ నా సలహా చిన్నది. నడక రోబోలు ఇంట్లో పెట్టుకునేవి కావు. లోకోమాట్ లాంటివి పైనుంచి బెల్టులతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించే భారీ యంత్రాలు, సెంటర్‌లోనే ఉంటాయి. 62 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2020 కాక్రేన్ సమీక్ష ప్రకారం, ఇలాంటి యంత్రాన్ని ఫిజియోథెరపీతో కలిపి వాడితే సొంతంగా నడవగలిగే అవకాశం పెరుగుతుంది. ఎక్కువ లాభం మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకు, అప్పటికి నడవలేనివాళ్ళకు. మీ పేషెంటు ఈ రెండింటిలోకీ వస్తే అలాంటి సెంటర్‌లో కొన్ని వారాలు చేర్చడం గురించి ఆలోచించండి. ఇప్పటికే పట్టుకుని నడుస్తుంటే ఆ ఖర్చు వద్దు. అమెరికాలో 408 మందితో జరిగిన లీప్స్ ట్రయల్‌లో బెల్టు వేసి ట్రెడ్‌మిల్ మీద నడిపించినవాళ్ళు, ఇంటికొచ్చిన థెరపిస్టుతో వ్యాయామం చేసినవాళ్ళు ఏడాదికి దాదాపు సమానంగా మెరుగుపడ్డారు.

పాదం కిందికి వాలిపోయి ఈడుస్తుంటే ముందు ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ పట్టీ కొలత ఇచ్చి చేయించుకోండి. కరెంటు ప్రేరణతో పాదం లేపే పరికరాలున్నాయి, బాగానే పనిచేస్తాయి, కానీ గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు, ఫిట్స్ వచ్చేవాళ్ళకు డాక్టరును అడగకుండా అవి వద్దు. బ్యాటరీతో కాళ్ళకు కట్టుకునే ఎక్సోస్కెలిటన్ వీడియోలు చూసి మురిసిపోవడం వరకు సరే. పటమటలో మూడో అంతస్తు అపార్ట్‌మెంటులో అది ఎందుకూ పనికిరాదు.

మనిషి వైపు: ఇంటికొచ్చే ఫిజియో, సెంటర్, ఫోన్ వీడియో

సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఉన్న సెంటర్‌కు రోజూ తీసుకెళ్ళడం వినడానికి బాగుంటుంది. మెట్లు దించడం, ఆటో ఎక్కించడం, ట్రాఫిక్, మళ్ళీ మెట్లు. అరగంట వ్యాయామానికి రెండున్నర గంటలు, ఇద్దరు మనుషులు. మంచి పరికరాలు, ఒకే చోట ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్ళీ నేర్పేది), స్పీచ్ థెరపీ ఉంటే ఆ శ్రమకు అర్థం ఉంది. మాట పడిపోయినవాళ్ళకు స్పీచ్ థెరపీ ఎలాగూ కావాలి, ఏ గ్లోవూ దాన్ని ఇవ్వదు. ప్రభుత్వాసుపత్రుల్లో, గుంటూరు జీజీహెచ్‌లోనూ విజయవాడ జీజీహెచ్‌లోనూ, ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. రద్దీ ఉంటుంది, అయినా వ్యాయామాలు నేర్చుకుని వచ్చి ఇంట్లో చేయించడానికి అక్కడికి వెళ్ళడం మంచి దారి.

తెనాలి అవతలో సత్తెనపల్లి వైపో పల్లెలో ఉంటే, ఇంటికి రోజూ వచ్చే ఫిజియో దొరకడం కష్టం. అలాంటి వాళ్ళకు వీడియో థెరపీని నేను చులకన చేయను. అమెరికాలో 124 మందితో జరిగి 2019లో వచ్చిన ట్రయల్‌లో, ఇంట్లోనే కంప్యూటర్ ముందు 70 నిమిషాల చొప్పున 36 సెషన్లు చేసినవాళ్ళు, క్లినిక్‌కు వెళ్ళి అన్నే చేసినవాళ్ళతో సమానంగా కోలుకున్నారు. ఆ 36లో సగం మాత్రమే థెరపిస్టు వీడియోలో చూస్తుండగా జరిగాయి. ఒక షరతు: మొదటి అంచనా మాత్రం ఎదురుగా, చేతులు వేసి చేయించుకోవాలి. బిగుతు, స్పర్శ, భుజం జారడం ఇవేవీ ఫోన్ తెరలో తెలియవు.

ఇంట్లోవాళ్ళే నేర్చుకుని చేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇదే ప్రశ్నతో మన దేశంలోనే అటెండ్ అనే ట్రయల్ జరిగింది. 14 ఆసుపత్రులు, 1,250 మంది, 2017లో లాన్సెట్‌లో ఫలితం. కుటుంబానికి శిక్షణ ఇచ్చి పంపిన గుంపులోనూ, మామూలుగా పంపిన గుంపులోనూ ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు లేదా ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు 47 శాతమే. అంటే కుటుంబం పనికిరాదని కాదు. నేర్పి వదిలేస్తే సరిపోదు, మధ్య మధ్యలో వచ్చి దిద్దే మనిషి కావాలని నేను అర్థం చేసుకున్నాను. రోజూ రాలేకపోతే వారానికి రెండుసార్లు వచ్చి, మిగతా రోజులకు రాసిచ్చి, మళ్ళీ వచ్చినప్పుడు చూసి మార్చే ఫిజియోని పట్టుకోండి. రోజూ వచ్చి నలభై నిమిషాలు కాళ్ళూ చేతులూ ఊపి వెళ్ళిపోయేవాళ్ళకంటే వాళ్ళు నయం. మా వాళ్ళే కోప్పడతారు గానీ, అలాంటివాళ్ళు చేసేదీ గాలి గ్లోవ్ చేసేదీ ఒకటే.

మూడు ఇళ్ళు

బ్రాడీపేటలో 62 ఏళ్ళ పెద్దాయన అనుకుందాం. స్ట్రోక్ వచ్చి ఆరు వారాలు, వేళ్ళు కదలవు, భుజం కాస్త లేస్తుంది, పట్టుకుంటే నాలుగడుగులు. డబ్బంతా ఫిజియో మీద, నడక మీద పెట్టండి. చేతికి అద్దం. గ్లోవ్ కొంటే కీళ్ళ కోసమే కొంటున్నామని తెలిసి కొనండి.

పటమటలో షాపు నడుపుకునే 45 ఏళ్ళాయన. ఐదు నెలలు. గ్లాసు పట్టుకుంటారు, వదలడం కష్టం. నడుస్తున్నారు, పిల్లలు టెక్నాలజీ బాగా వాడతారు. ఆటల పరికరం వల్ల ఎక్కువ లాభం పొందేది ఇలాంటివారే. కొనకముందు నెల రోజులు అద్దెకో, డెమోకో అడగండి. బాగున్న చేతిని రోజులో కొన్ని గంటలు కట్టేసి పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి కూడా ఉంది. 222 మందితో జరిగి 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళకు అది పనిచేసింది. ఖర్చు దాదాపు లేదు, ఓపిక చాలా కావాలి.

పల్లెలో 70 దాటిన పెద్దమ్మ, మంచం మీదే, చూసుకునేది అంతకంటే పెద్దాయన ఒక్కరే. ఇక్కడ ఏ మెషీనూ వద్దు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పడం, మంచం పక్కన కాళ్ళు కిందికి పెట్టి కూర్చోబెట్టడం, బీపీ మాత్రలు తప్పకుండా వేయడం, వీలైతే రోజుకు రెండు గంటలు ఒక సహాయకురాలు. డబ్బు అక్కడ పెట్టాలి.

డబ్బు లెక్క, కాగితాలు

ఫిజియో ఒక్కసారి వస్తే 500 అనుకోండి, మీ ఏరియాలో ఎంతో అడిగి చూసుకోండి. నెలకు 26 రోజులంటే 13,000. వారానికి మూడు రోజులంటే సుమారు 6,500. మిగిలిన 6,500 రెండు మూడు నెలలు పోగైతే ఒక చవక గ్లోవ్ వస్తుంది, అవసరమని తేలితే అప్పుడే కొనవచ్చు. లక్షల పరికరాన్ని ఒక్క ఇంటి కోసం కొనడం నాకు సమ్మతం కాదు. ఆరేడు నెలల తర్వాత దాన్ని వాడేవాళ్ళు ఉండరు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళూ ఉండరు. అదే మెషీన్ ఉన్న సెంటర్‌కు వారానికి మూడుసార్లు వెళ్ళడం చవక.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000. పక్షవాతంతో మంచానికో వీల్‌ఛెయిర్‌కో పరిమితమైనవాళ్ళకు 15,000. దానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించేది) కావాలి, స్లాట్ కోసం మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. ఈ డబ్బు వచ్చే ఇళ్ళల్లో ఫిజియో ఖర్చు చాలావరకు వెళ్ళిపోతుంది.

కొనేముందు, వాడి చూసేటప్పుడు

మన దేశంలో వైద్య పరికరాలన్నీ 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తాయి. తయారీకో దిగుమతికో లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉండాలి. ఆ నంబరు అడగండి. "మసాజర్" అనో "ఫిట్‌నెస్ వస్తువు" అనో బిల్లు ఇస్తే దూరంగా ఉండండి. గ్లోవ్ కొలత చేతికి సరిపోకపోతే మార్చిస్తారా, పైపు చిరిగితే విడిగా దొరుకుతుందా, కుడి ఎడమలు వేర్వేరా, సర్వీసు ఎక్కడ అనేవి ఆర్డర్ పెట్టకముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కరెంటు పోతే మధ్యలో గాలి నిలిచిపోయి చెయ్యి బిగిసిన స్థితిలో ఉంటుందా, వెంటనే వదులుతుందా అనేది తప్పకుండా చేసి చూడాలి. ప్లగ్ పీకి చూస్తే సరిపోతుంది, మీ చేతికి తొడుక్కుని.

మొదటిరోజే కొలత తీసుకోండి. రెండు కంచాలు, ఒకదానిలో చిన్న చెక్క ముక్కలు లేదా చదరంగం పావులు. నిమిషంలో ఎన్ని ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మార్చగలరో లెక్కపెట్టండి. నడకకు, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో చూడండి, పక్కన ఒకరు పట్టుకునేలా ఉండి. ఒక్క ముక్క కూడా మార్చలేకపోతే, వేళ్ళు ఎంత తెరుచుకుంటున్నాయో ప్రతి ఆదివారం అదే బల్ల మీద, అదే వెలుతురులో ఫోటో తీయండి. నాలుగు వారాలకు ఆ అంకెలు కదలకపోతే పద్ధతి మార్చాలి. మెషీన్ తెర మీద స్కోరు పెరుగుతూ కంచంలో ముక్కల సంఖ్య పెరగకపోతే, పేషెంటు ఆటలో ఆరితేరుతున్నారు, చెయ్యి కాదు.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కొత్తగా మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే అన్నీ ఆపేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒకసారి వచ్చినవాళ్ళకు రెండోసారి వచ్చే ముప్పు ఎక్కువ.

అద్దెకు తెచ్చుకుంటుంటే డిపాజిట్ ఎంత, ఏ మరకకు ఎంత కోస్తారు, తిరిగి ఇచ్చేటప్పుడు ఆటో ఖర్చు ఎవరిది అన్నవి ముందే తేల్చుకుని, పెట్టె తెరిచేటప్పుడు నాలుగువైపులా వీడియో తీసుకోండి. ఇంతకుముందు వేరేవాళ్ళు తొడుక్కున్న గ్లోవ్ అయితే లోపలి గుడ్డ మార్చి ఇమ్మనండి. మార్చలేమంటే ఆ షాపు వద్దు.